తిత్లీకి పడిన పనస చెట్టు, నా ఎలక్ట్రిక్ గిటార్

అందరికీ నమస్కారం. ముందు ఈ గిటార్ మధ్యభాగం చూడండి, కెమెరా దగ్గరకు తెస్తున్నాను. ఈ పసుపు నేను వేసింది కాదండీ, పనస చేవకు పుట్టుకతో ఉండే రంగు. చుట్టూ ఉన్న తేనె రంగు, అంచుల్లో నలుపు మాత్రం నేను కొట్టినవి. చెక్క దగ్గర్నుంచి చివరి పాలిష్ దాకా దీన్ని ఇంట్లోనే ఎలా చేశానో ఈరోజు చెప్తాను.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు నేలకూలిపోయాయి. మా అమ్మమ్మ వాళ్ల పెరట్లో పనస చెట్టు కూడా వేళ్లతో సహా లేచిపోయింది. మా తాత దాన్ని పొయ్యిలోకి పోనివ్వలేదు. కోత మిల్లుకు తోలి, రెండంగుళాల మందాన పలకలు కోయించి, పాకలో పేర్పించాడు. పలకకూ పలకకూ మధ్య గాలి ఆడేలా సన్న బద్దలు పెట్టించాడు. చెక్క నీడలో ఆరాలంటే అంగుళం మందానికి ఏడాది పడుతుందని వడ్రంగుల లెక్క. ఇవి ఐదేళ్లకు పైనే ఆరాయి. రెండు పలకలు అడిగితే అమ్మమ్మ "మంచం చేయించుకోరా, పనికొస్తాది" అంది. గిటార్ అన్నాక కూడా కాదనలేదు.

పనసతో వాద్యం చేయడం మనకు కొత్త కాదు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చెక్కేది ఈ చెక్కతోనే. తేలిగ్గా ఉంటుంది, గట్టిగా ఉంటుంది, త్వరగా పురుగు పట్టదు. ఒక్క మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. వీణలో కుండ (గుండ్రటి బోలు భాగం) మోగాలి, కాబట్టి అక్కడ చెక్కే ప్రాణం. ఎలక్ట్రిక్ గిటార్‌లో లోహపు తీగ కదలికను అయస్కాంతమున్న పికప్ పట్టుకుంటుంది. ఫలానా చెక్కతోనే ఫలానా టోన్ వస్తుందని ఖరీదైన చెక్క కొనిపించే మాటలు నేను నమ్మను. బాగా ఆరినదై, భుజానికి బరువు కాకుండా, స్క్రూ గట్టిగా పట్టేదైతే చాలు.

నెక్, అంటే వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి భాగం, మాత్రం కొన్నాను. లోపల ట్రస్ రాడ్ (నెక్ వంపును అదుపులో ఉంచే లోహపు కడ్డీ) పెట్టడం, 22 మెట్లకు (ఫ్రెట్లకు) గాడులు కోయడం మొదటి గిటార్‌కు పెట్టుకోవాల్సిన పని కాదని నా అభిప్రాయం. ధైర్యం ఉన్నవాళ్లకు బ్రయన్ మే ఉన్నాడు. 1963లో స్కూల్లో చదువుకుంటూ, వాళ్ల నాన్నతో కలిసి ఇంట్లోనే గిటార్ మొదలుపెట్టాడు. నెక్‌కు పాత ఫైర్‌ప్లేస్ చెక్క, తీగల శ్రుతిని ఊపే ట్రెమొలోకు పాత మోటార్‌సైకిల్ స్ప్రింగులు వాడారు. తర్వాత క్వీన్ బ్యాండ్‌లో వాయించింది ఆ గిటారే.

బాడీ పని త్వరగా చెప్పేస్తాను. రెండు పలకలు పక్కపక్కన ఫెవికాల్‌తో అతికించి, క్లాంపులు బిగించి ఒక రోజంతా వదిలేశాను. తర్వాత చిత్రిక పట్టించి మందం 45 మిల్లీమీటర్లకు తెచ్చాను. ఎండీఎఫ్ ముక్కతో అచ్చు చేసి, జిగ్‌సాతో అంచుకు కాస్త బయటగా కోసి, మిగతాది రౌటర్‌తో తీశాను. రౌటర్‌తో ఒకేసారి లోతుగా వెళ్లకండి, నాలుగైదు మిల్లీమీటర్ల చొప్పున దిగండి. కళ్లద్దాలు, మాస్క్ లేకుండా మిషన్ ఆన్ చేయొద్దు.

నెక్ కూర్చునే గుంట లోతు 16 మిల్లీమీటర్లు. అది సరిగ్గా కుదిరిందో లేదో తెలియడానికి ఒక పరీక్ష ఉంది. ఒక్క స్క్రూ కూడా బిగించకుండా నెక్ పట్టుకుని మెల్లగా పైకెత్తండి. ఇదిగో, ఇలా. కింద మెత్తటి దుప్పటి వేసుకోండి. బాడీ ఊడిపోకుండా వేలాడితే గుంట కుదిరినట్టే.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జి ఎక్కడ పెట్టాలి? నా నెక్ 648 మిల్లీమీటర్ల స్కేలుది, తీగ మోగే పొడవు అన్నమాట. అంటే నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే పట్టీ) నుంచి 12వ మెట్టుకు 324, అక్కడి నుంచి బ్రిడ్జి మీద తీగ ఆనే చోటుకు మళ్లీ 324. వీణ చేసేవాళ్లు 24 మెట్లనూ మైనంలో కూర్చోబెట్టి, చెవితో వింటూ ఒక్కోదాన్ని జరిపి శ్రుతి కుదురుస్తారు. దాన్నే మేళం కట్టడం అంటారు. గిటార్‌లో మెట్లు కదలవు. నట్ నుంచి మొదటి మెట్టు ఎంత దూరమో తెలియాలంటే మొత్తం పొడవును 17.817తో భాగించాలి. ఇక్కడ 36.4 మిల్లీమీటర్లు వస్తుంది. మిగిలిన పొడవును మళ్లీ అదే అంకెతో భాగిస్తే రెండో మెట్టు. ఫ్యాక్టరీలో ఆ లెక్కతోనే కోసేశారు. కాబట్టి మనం జరపగలిగేది బ్రిడ్జి మీద ఒక్కో తీగ ఆనే చిన్న ముక్కలను, అంటే శాడిళ్లను మాత్రమే. అందుకే ఒక్క రంధ్రం వేయడానికి ముందు నేను మూడు రోజులు కొలిచాను. రెండు పక్కలా చివరి తీగల స్థానంలో దారం లాగి కట్టి, అవి ఫ్రెట్‌బోర్డు అంచులకు సమాన దూరంలో ఉన్నాయో లేదో చూసుకున్నాకే డ్రిల్లు పట్టుకున్నాను. లావు తీగ శాడిల్ సన్న తీగ కంటే కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి ఉండాలి. ఆ చోటు కూడా ముందే లెక్కలో పెట్టుకోవాలి.

రంగు దగ్గరకొద్దాం. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

మన వీధుల్లో కారు పెయింటునీ, ఫర్నిచర్ మీద స్ప్రే పనినీ డ్యూకో అంటాం కదా. అది డ్యూపాంట్ కంపెనీ కార్ల పెయింటు పేరు. 1950లు, 60లలో అమెరికాలో ఫెండర్ కంపెనీ గిటార్లకు ప్రత్యేక రంగులు వేసినప్పుడు వాడినవి ఈ డ్యూపాంట్ కార్ల పెయింట్లే. డ్యూకో ఒకటి, లూసైట్ ఇంకొకటి. ఆనాటి కార్ల మీదున్న రంగులే గిటార్ల మీదకు వచ్చాయి. కాబట్టి గిటార్ పెయింటు నేర్చుకోవడానికి విదేశాలకు పోనక్కర్లేదు. మా వీధి చివర డెంటింగ్, పెయింటింగ్ షెడ్ ఉంది. అక్కడి పెయింటర్ అన్నే నా గురువు.

ముందు 120, 180, 240, 320 ఎమ్రీ పేపర్లతో వరసగా, చెక్క గీత వెంబడే రుద్దాను. తర్వాత తడిగుడ్డతో తుడిస్తే పీచు లేస్తుంది. ఆరాక మళ్లీ 320తో రుద్దాలి. పనసకు కంటికి కనిపించేంత రంధ్రాలుంటాయి, వాటిని ఫిల్లర్‌తో పూడ్చాలి. ఆపైన సీలర్ రెండు కోటులు. నెక్ గుంటకు మాస్కింగ్ టేపు వేయడం మరవకండి, అందులో పెయింటు పడితే నెక్ దిగదు.

సన్‌బర్స్ట్, అంటే మధ్యలో లేతగా, అంచుకు ముదురుగా వచ్చే రంగు, కొట్టేటప్పుడు గన్‌ను మధ్యలో నుంచి అంచు వైపు వాల్చి పట్టుకోవాలి. పొగలాంటి తుంపర బయటికి పోవాలి, మధ్యకు రాకూడదు. పల్చగా ఒక చుట్టు, పది నిమిషాలు ఆగి ఇంకో చుట్టు. ముందు తేనె రంగు, దాని మీద అంచుకు నలుపు. పనికిరాని చెక్క ముక్క మీద కనీసం నాలుగుసార్లు కొట్టి చూశాకే అసలుదాని మీదకు వెళ్లాను.

ఇదంతా బాగానే వచ్చింది. రంగు మీద వేసే పారదర్శక పూత, అదే క్లియర్, దగ్గర దెబ్బ తిన్నాను. ఆగస్టులో, ఆకాశం మబ్బేసి ఉండగా, ఈరోజే పూర్తి చేసేయాలన్న ఆత్రంలో ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) క్లియర్ కొట్టాను. ఐదు నిమిషాలకే పైభాగమంతా పొగమంచు పట్టినట్టు తెల్లబడిపోయింది. అమ్మమ్మ ఇచ్చిన చెక్క పాడు చేశానేమోనని గొంతు పట్టేసింది. పరుగెత్తి ఫోటో చూపిస్తే అన్న నెమ్మదిగా చెప్పాడు: "వానలో కొడితే అంతే తమ్ముడూ. థిన్నర్ ఎగిరిపోతుంటే పైన చల్లబడి చెమ్మ పట్టేస్తాది. గీకేయకు. ఎండ వచ్చేదాకా ఆగు." రెండు రోజుల తర్వాత పొడి ఎండలో, ఆలస్యంగా ఆరే రిటార్డర్ థిన్నర్‌ను పల్చగా ఒక్క కోటు కొట్టించాడు. తెల్లటి పొర నా కళ్ల ముందే కరిగి, కింద పసుపు మళ్లీ కనిపించింది. ఆ నిమిషాన్ని వీడియో తీశాను, ఇప్పుడు స్క్రీన్ మీద వస్తుంది, చూడండి.

ఎన్‌సీ బదులు టూకే (హార్డెనర్ కలిపి వాడే) క్లియర్ వాడితే గట్టిగా ఉంటుంది. కానీ అందులో హార్డెనర్ ఐసోసైనేట్, ఊపిరికి ప్రమాదకరమైన రసాయనం. మామూలు గుడ్డ మాస్క్ దాన్ని ఆపదు. సరైన రక్షణ లేకపోతే ఇంట్లో అసలు కొట్టకండి, షెడ్‌కు ఇచ్చేయండి. పిల్లలున్న ఇళ్లలో ఏ పెయింటూ గదుల్లో వద్దు.

క్లియర్ అయ్యాక నాలుగు వారాలు ముట్టుకోలేదు. బొటనవేలి గోరు నొక్కితే గాటు పడుతుందా లేదా అని కనబడని చోట చూసుకుంటూ ఉన్నాను. ఆ తర్వాతే నీళ్లతో 1000, 1500, 2000 పేపర్లు, చివర రబ్బింగ్ కాంపౌండ్. అంచుల దగ్గర చేయి తేలిక. అక్కడ పొర పల్చన, రెండు రుద్దులు ఎక్కువైతే రంగే లేచిపోతుంది.

వైరింగ్ మామూలే. సింగిల్ కాయిల్ పికప్‌లకు 250కె పాట్లు (వాల్యూమ్, టోన్ తిప్పే భాగాలు), లోపలంతా రాగి రేకు అంటించి ఎర్త్ కలిపాను. బ్రిడ్జి కింద ఎర్త్ వైరు వదిలేస్తే కరెంటు హమ్ చెవులు కొరుకుతుంది.

తీగలు ఎక్కించాక ఆరింటి లాగుడూ కలిపితే దాదాపు 45 కిలోలు. ఒక రాత్రి అలాగే ఉంచి, పొద్దున ట్రస్ రాడ్ సవరించాను. తర్వాత ఒక్కో తీగకు 12వ మెట్టు మీద హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం), నొక్కిన స్వరం పోల్చి చూడాలి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే శాడిల్‌ను వెనక్కి, తగ్గితే ముందుకు. ఆరు తీగలకూ శాడిల్ కదిలే చోటు సరిపోయింది. మూడు రోజుల కొలత అక్కడ పనికొచ్చింది.

పనస వెలుతురు తగిలేకొద్దీ ముదురుతుంది. ఈ పసుపు కొన్నేళ్లకు రాగి రంగులోకి మారుతుంది, మారనివ్వాలనే అనుకుంటున్నాను. యాంప్ ఆన్ చేశాను. ఎఫెక్టులేమీ పెట్టలేదు, క్లీన్ టోనే. పలాసలో అమ్మమ్మ ఫోన్ లైన్‌లో ఉంది. ముందు మోహన ఆరోహణ వాయిస్తాను, తర్వాత అవరోహణ.