టూ బటన్ నొక్కితే పేర్లు రావడం లేదా? ముందు ఈ టిక్ చూడండి

మెయిల్ రాద్దామని అవుట్‌లుక్‌లో టూ (To) బటన్ నొక్కారు, పేర్లు రావాల్సిన చోట అడ్రస్ లిస్ట్ చూపించలేనని ఎర్రర్ వచ్చింది. చీమకుర్తి గ్రానైట్ ఆఫీసులో కూర్చుని, బ్లాక్ గెలాక్సీ రాయి కొనే విదేశీ బయ్యర్‌కి ఇన్‌వాయిస్ పంపాల్సిన టైములో ఇది వచ్చిందంటే టెన్షన్ మామూలుగా ఉండదు. కంగారుపడి అవుట్‌లుక్ మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించబాకండి. పేర్లు చాలావరకు అక్కడే ఉంటాయి.

(స్క్రీన్ మీద: ఎడమవైపు కాంటాక్ట్స్ ఫోల్డర్)

నేను చూపించేది పాత అవుట్‌లుక్, అంటే కంప్యూటర్‌లో ఆఫీస్‌తో పాటు వచ్చేది. కాంటాక్ట్స్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లోకి వెళ్తే అవుట్‌లుక్ అడ్రస్ బుక్ అనే ట్యాబ్ ఉంటుంది. ఈ ఫోల్డర్‌ని అడ్రస్ బుక్‌గా చూపించమనే గడిలో టిక్ లేకపోతే పెట్టండి. ఆ గడి బూడిద రంగులో ఉండి నొక్కనివ్వడం లేదా? ఫైల్, అకౌంట్ సెట్టింగ్స్, అడ్రస్ బుక్స్ ట్యాబ్, న్యూ... అక్కడ అడిషనల్ అడ్రస్ బుక్స్‌లో అవుట్‌లుక్ అడ్రస్ బుక్‌ని కలిపి, అవుట్‌లుక్ మూసి తెరిచి, మళ్లీ వచ్చి టిక్ పెట్టండి.

ఇంకో తలనొప్పి ఉంది, జనం ఎక్కువ తికమకపడేది ఇక్కడే. రెండక్షరాలు కొట్టగానే కింద జారే లిస్టు అడ్రస్ బుక్ కాదండీ, ఇదివరకు మీరు ఎవరికి పంపారో గుర్తుపెట్టుకునే వేరే లిస్టు. అందుకే కాంటాక్ట్‌లో ఐడీ మార్చినా మెయిల్ పాత ఐడీకే పోయి తిరిగొస్తుంది. ఆ పేరు పక్కనున్న ఇంటూ గుర్తు నొక్కి తీసేసి, అడ్రస్ బుక్ నుంచి కొత్తగా ఎంచుకోండి.

(స్క్రీన్ మీద: థండర్‌బర్డ్ ప్రొఫైల్ ఫోల్డర్)

అవుట్‌లుక్ బదులు థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ వాడేవాళ్లకి అడ్రస్ బుక్ ఎర్రర్ వస్తే, హెల్ప్‌లో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ నుంచి ప్రొఫైల్ ఫోల్డర్, అంటే మీ మెయిళ్లు, పేర్లు దాచే ఫోల్డర్, తెరుచుకుంటుంది. 78వ వెర్షన్ నుంచి పర్సనల్ అడ్రస్ బుక్‌లోని పేర్లు ఏబుక్ డాట్ ఎస్‌క్యూలైట్ (abook.sqlite) అనే ఫైల్‌లో ఉంటున్నాయి. థండర్‌బర్డ్ మూసేసి, ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసుకోండి, ఇది మాత్రం ఎగ్గొట్టబాకండి. తర్వాత ఆ పేరుతో మొదలయ్యే ఫైళ్లని పక్కకి జరిపి తెరిస్తే ఖాళీ బుక్ ఒకటి కొత్తగా వస్తుంది. ఎర్రర్ పోయిందంటే పాత ఫైల్ చెడినట్టే, ఇదివరకెప్పుడో తీసి పెట్టుకున్న బ్యాకప్ నుంచి పేర్లు ఇంపోర్ట్ చేసుకోవాలి.

ఆ బ్యాకప్ ఎక్సెల్‌లో ఉండి, పేర్లు తెలుగులో రాసుంటే, ఇంపోర్ట్ కోసం మామూలు సీఎస్‌వీ (CSV) ఫైల్‌గా సేవ్ చేస్తే అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు వస్తాయి. సేవ్ యాజ్‌లో సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని విడిగా ఉంటుంది, అది ఎంచుకోండి.