అప్పు రెండు కళ్లు నలుగురికి ఎలా సరిపోయాయి? అభిమానులు నేత్రదాన శిబిరం పెట్టేముందు తెలుసుకోవాల్సింది

(తెర మీద: బెంగళూరు కంఠీరవ స్టూడియో, సమాధి మీద పూలు, బారులు తీరిన జనం)

వాయిస్: 2021 అక్టోబరు 29, శుక్రవారం. కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ గుండె ఆగి కన్నుమూశారు. వయసు 46. సినిమా పోస్టర్ మీద పవర్ స్టార్, అభిమానుల నోట మాత్రం అప్పు. కడసారి చూపుకు తరలివచ్చిన జనాన్ని టీవీల్లో అందరూ చూశారు. అదే సమయంలో బెంగళూరులోని కంటి ఆస్పత్రి నారాయణ నేత్రాలయ ఆపరేషన్ థియేటర్లో జరిగిన పని మాత్రం కెమెరాలకు అందలేదు. అప్పు కళ్లతో మరుసటి రోజే నలుగురు యువతీయువకులకు ఆపరేషన్లు జరిగాయి.

రెండు కళ్లు, నలుగురు మనుషులు. ఈ లెక్క చాలామందికి ఇప్పటికీ అర్థం కాలేదు. ముందు అది తేల్చుకుందాం. ఆ తర్వాత అసలు సంగతికి వద్దాం: అభిమాన నటుడి జయంతికో వర్ధంతికో నేత్రదాన శిబిరం పెడితే, అక్కడ సంతకాలు పెట్టే ప్రతిజ్ఞ కాగితాల్లోంచి నిజంగా కళ్లు రావాలంటే ఏం చేయాలి?

(తెర మీద: కంటి అడ్డుకోత బొమ్మ. నల్లగుడ్డు ముందున్న పొర వెలుగుతుంది)

వాయిస్: పాత సినిమాల్లో ఒకరి కన్ను తీసి ఇంకొకరికి పెట్టేస్తారు, కట్టు విప్పగానే ఎదురుగా నిలబడ్డ మనిషి కనిపిస్తాడు. అసలు వైద్యంలో కన్ను మొత్తాన్ని ఎవరూ మార్చరు. మార్చేది కార్నియాను. నల్లగుడ్డు ముందు గడియారం అద్దంలా ఉండే పారదర్శకమైన పొర అది. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరు కన్నా కాస్త ఎక్కువ, అంతే. అందుకే నేత్రదానం వల్ల చూపు వచ్చేది కార్నియా దెబ్బతిన్నవాళ్లకే. రెటీనా పాడైనా, కంటి నరం ఎండిపోయినా దీనితో ఉపయోగం లేదు. ఫ్లెక్సీ మీద "అంధులందరికీ చూపు" అని రాయించే ముందు ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఆశపడి వచ్చినవాళ్లకు సమాధానం చెప్పుకోవాల్సింది మీరే.

ఆ అర మిల్లీమీటరులోనే పొరలు ఉన్నాయి. ముందు భాగం బలాన్ని, ఆకారాన్ని ఇస్తుంది. వెనక అంచున ఒకే ఒక్క వరసలో పరుచుకున్న కణాలుంటాయి. కార్నియాలోకి చేరే నీటిని అవి ఎప్పటికప్పుడు బయటికి తోడేస్తూ దాన్ని తేటగా ఉంచుతాయి. కొందరికి ముందు భాగం వంకర తిరుగుతుంది, మచ్చపడుతుంది, వెనక కణాలు మాత్రం బాగానే ఉంటాయి. ఇంకొందరికి ముందు భాగం బాగుండి, వెనక కణాలు చచ్చిపోయి కార్నియా ఉబ్బి మసకబారుతుంది. ఇద్దరికీ పూర్తి మందం కార్నియా వేయాల్సిన పని లేదు.

(తెర మీద: ఒక కార్నియా రెండు పలుచని బిళ్లలుగా విడిపోయే యానిమేషన్)

వాయిస్: డాక్టర్లు అప్పు కార్నియాలను ఒక్కోదాన్ని రెండుగా విడదీశారు. ముందు పొరలు ఇద్దరికి, వెనక పొరలు ఇద్దరికి. ముందు పొర వేసినప్పుడు రోగి సొంత వెనక కణాలు అలాగే ఉంటాయి కాబట్టి, ఆ కణాలను శరీరం తిప్పికొట్టే ప్రమాదం ఉండదు. వెనక పొర వేసే పద్ధతి ఇంకా చిత్రం. చిన్న కోతలోంచి పలుచని పొరను మడిచి లోపలికి పంపి, కంట్లోకి గాలి బుడగ ఎక్కిస్తారు. ఆ బుడగ కింద నుంచి పైకి ఒత్తి పొరను అతికిస్తుంది. అందుకే ఆపరేషన్ తర్వాత రోగిని కొన్ని గంటల పాటు పైకప్పు చూస్తూ వెల్లకిలా పడుకోమంటారు. పక్కకు తిరిగితే బుడగ జరుగుతుంది, పొర ఊడొచ్చు. పూర్తి మందం కార్నియా వేస్తే చాలాసార్లు చుట్టూ 16 కుట్లు పడతాయి. వెంట్రుక కన్నా సన్నని దారం. ఆ కుట్లన్నీ తీసి చూపు కుదురుకునే సరికి ఏడాది దాకా పట్టొచ్చు. కట్టు విప్పగానే చూపు అన్నది సినిమా వరకే.

అయితే ఇలా పంచడం ప్రతి కార్నియాతోనూ సాధ్యం కాదు. కణాలు ఆరోగ్యంగా ఉండాలి, విడదీయగల సర్జన్ ఉండాలి, సరిపోయే రోగులు అదే సమయానికి సిద్ధంగా ఉండాలి. అన్నిటికన్నా ముందు, కళ్లు వేళకు అందాలి.

ఇక్కడే రాజ్‌కుమార్ కుటుంబం సంగతి చెప్పుకోవాలి. తండ్రి, కన్నడ నటుడు డాక్టర్ రాజ్‌కుమార్ 2006లో పోయినప్పుడు ఆయన కళ్లు ఇచ్చారు. తల్లి పార్వతమ్మ 2017లో పోయినప్పుడూ ఇచ్చారు. నారాయణ నేత్రాలయలోని కంటి బ్యాంకు పేరే డాక్టర్ రాజ్‌కుమార్ ఐ బ్యాంక్, 1994 నుంచి ఉంది. అంత దుఃఖంలోనూ ఎవరికి చెప్పాలి, ఏం చేయాలి అని వెతుక్కునే పరిస్థితి ఆ ఇంట్లో లేదు. అలవాటైన దారి అది.

(తెర మీద: ఒకవైపు రక్తం సంచి, ఇంకోవైపు సంతకం చేసిన కాగితం)

వాయిస్: మన తెలుగు అభిమాన సంఘాలకు రక్తదానం కొత్త కాదు. చిరంజీవి ఐ అండ్ బ్లడ్ బ్యాంక్ 1998లో మొదలైంది. ఆ తర్వాత ఏ హీరో పుట్టినరోజైనా రక్తదాన శిబిరం తప్పనిసరి కార్యక్రమం అయిపోయింది. ఆ అలవాటే నేత్రదానం దగ్గర మనల్ని దారి తప్పిస్తోంది. రక్తదానంలో పొద్దున మంచం ఎక్కిన మనిషి నుంచి 350 మిల్లీలీటర్ల రక్తం సంచిలోకి వస్తుంది. సాయంత్రం సంచులు లెక్కపెడితే అదే అసలు లెక్క. నేత్రదాన శిబిరంలో సాయంత్రం లెక్కపెట్టేది, చనిపోయాక కళ్లిస్తామని రాసిచ్చిన ఫారాలను. "ఒక్కరోజులో వెయ్యి మంది నేత్రదానం" అని పోస్టు పెడతారు. ఆ రోజు ఒక్క కన్ను కూడా దానం కాలేదు. ఆ వెయ్యి మందిలో ఎక్కువమంది పాతికేళ్ల కుర్రాళ్లు, నిండు నూరేళ్లు బతకాల్సినవాళ్లు.

పైగా ఆ ఫారం మీద సంతకం చేసిన మనిషి, ఆ ఫారం వాడాల్సిన వేళకు మాట్లాడలేడు. అప్పుడు కంటి బ్యాంకుకు ఫోన్ చేయాల్సింది ఇంట్లోవాళ్లు, సంతకం పెట్టాల్సిందీ వాళ్లే. 2014 నాటి అవయవ, కణజాల మార్పిడి నియమాల్లో ప్రతిజ్ఞకు ఫారం 7 ఉంది. దానికి ఇద్దరు సాక్షులు కావాలి, ఒకరు దగ్గరి బంధువు. మరణం తర్వాత కుటుంబం ఇచ్చే సమ్మతికి ఫారం 8. ఏడో నంబరు కాగితం బీరువాలో భద్రంగా ఉన్నా, ఎనిమిదో నంబరు మీద సంతకం పడకపోతే కంటి బ్యాంకు బృందం ఉత్త చేతులతో వెనక్కి వెళ్తుంది. ఇంకో మాట, బతికుండగా ప్రతిజ్ఞ చేయని మనిషి కళ్లు కూడా కుటుంబం ఒప్పుకుంటే ఇవ్వొచ్చు. అంటే అభిమాన సంఘం నిజంగా పని చేయాల్సింది శిబిరం రోజున కాదు, ఊళ్లో ఒక ఇంట్లో పెద్దాయన పోయిన రోజున.

(తెర మీద: గోడ గడియారం, ముల్లు తిరుగుతుంది. "6 గంటలు")

వాయిస్: గడువు ఆరు గంటలు. వెనక పొర కణాలు చచ్చిపోతే మళ్లీ పుట్టవు. ప్రాణం పోయినప్పటి నుంచి అవి తగ్గుతూ పోతాయి, వేడిలో ఇంకా వేగంగా. కాబట్టి ఫోన్ మొదటి గంటలోనే వెళ్లాలి. దేశవ్యాప్త టోల్‌ఫ్రీ నంబరు 1919 ఉంది, కానీ దాని మీదే ఆధారపడకండి. మీ జిల్లాకు దగ్గరలోని కంటి బ్యాంకు నేరుగా ఎత్తే నంబరు తీసుకుని, అర్ధరాత్రి ఒకసారి చేసి చూడండి. పగలు మాత్రమే ఎత్తే నంబరైతే, రాత్రి డ్యూటీ నంబరు అడిగి రాసుకోండి. హైదరాబాద్‌లో ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆస్పత్రికి అనుబంధంగా రామాయమ్మ ఇంటర్నేషనల్ ఐ బ్యాంక్ ఉంది.

ఫోన్లో చెప్పాల్సినవి: వయసు, మరణించిన సమయం, కారణం, ఇంటి అడ్రసు, గుర్తు. ఊరి పొలిమేర దగ్గర బైకు మీద ఒకరు నిలబడితే ఆంబులెన్స్ సందుల్లో తిరగకుండా పావుగంట కలిసొస్తుంది.

బృందం వచ్చేలోపు ఇంట్లో చేయాల్సిన పనులు చిన్నవే, కానీ ఎక్కువ కళ్లు పాడయ్యేది ఇక్కడే. రెండు రెప్పలూ పూర్తిగా మూయండి. మూతపడకపోతే మెల్లగా కిందికి లాగి, మంచినీళ్లలో తడిపి పిండిన దూది రెప్పల మీద పెట్టండి. ఆరిపోతుంటే మళ్లీ తడపండి. ఫ్యాన్ ఆపేయండి. జనం ఎక్కువయ్యారని ఎవరో ఒకరు వచ్చి మళ్లీ వేస్తారు, స్విచ్ దగ్గర ఒక మనిషిని పెట్టండి. గాలి తగిలితే కార్నియా ఎండి, బయటి పొర ఊడిపోతుంది. ఏసీ ఉంటే వేయొచ్చు, చల్లదనం మంచిదే. ఫ్రీజర్ బాక్సులో పెట్టారని ఆగిపోనక్కర్లేదు, రెప్పలు మూసి ఉంటే చాలు. తల కింద రెండు దిండ్లు పెట్టి ఆరంగుళాలు ఎత్తండి. తల కిందికి ఉంటే కంటి చుట్టూ రక్తం చేరి, తీసేటప్పుడు కారుతుంది, రెప్పలు ఉబ్బుతాయి. స్నానం చేయించేటప్పుడు పసుపు కళ్లలో పడకుండా చూడండి.

(తెర మీద: మరణ ధ్రువీకరణ కాగితం, డాక్టర్ సంతకం దగ్గర వృత్తం)

వాయిస్: ఇంట్లో జరిగిన మరణాల్లో ఎక్కువగా చిక్కు వచ్చేది డాక్టరు దగ్గర. మరణాన్ని రిజిస్టర్డ్ డాక్టర్ ధ్రువీకరించాలి. ఊళ్లో మనం ఆర్‌ఎంపీ అని పిలుచుకునే ఆయన సంతకం దీనికి చెల్లదు, పేరులో రిజిస్టర్డ్ అనే మాట ఉన్నా సరే. దగ్గరలోని పీహెచ్‌సీ డాక్టరుతో ముందే మాట్లాడి పెట్టుకోండి. ప్రమాదంలోనో అనుమానాస్పదంగానో పోతే పోలీసుల అనుమతి కావాలి. అది దొరికితే పోస్టుమార్టానికి ముందే కళ్లు తీసుకోవచ్చు.

బృందం పని పదిహేను ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. పరీక్షల కోసం కొద్దిగా రక్తం తీస్తారు: హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్. ఆ తర్వాత కార్నియాను మాత్రమే తీసి పారదర్శకమైన కవచం పెట్టి రెప్పలు మూస్తారు, ముఖం మారదు. కార్నియాను ఎంకే మీడియం అనే నిల్వ ద్రావణంలో పెడితే నాలుగు రోజులు నిలుస్తుంది, ఖరీదైన ద్రావణాల్లో 14 రోజుల దాకా. మైక్రోస్కోపు కింద కణాలు లెక్కిస్తారు. చదరపు మిల్లీమీటరుకు 2000 కన్నా తగ్గితే చూపు కోసం వాడటం సాధారణంగా ఉండదు, పరిశోధనకో శిక్షణకో వెళ్తుంది. ఇది కుటుంబానికి ముందే చెప్పండి. తర్వాత తెలిస్తే మోసపోయామనుకుంటారు.

షుగర్, బీపీ, కళ్లజోడు, శుక్లాల ఆపరేషన్ ఇవేవీ అడ్డు కావు. కార్నియాకు రక్తనాళాలు లేవు కాబట్టి బ్లడ్ గ్రూపు కలవాల్సిన అవసరమూ లేదు. రేబిస్, హెచ్‌ఐవీ, హెపటైటిస్, రక్తంలోకి పాకిన ఇన్‌ఫెక్షన్, రక్త క్యాన్సర్, కారణం తెలియని మరణం ఉంటే తీసుకోరు.

ఇక చావింట్లో మాట్లాడటం. నటుడి బొమ్మ ఉన్న టీషర్టులతో పదిమంది వెళ్లొద్దు. ఆ ఇంటికి తెలిసిన ఒక్కరు వెళ్లి, ఏడుస్తున్నవాళ్లను కాకుండా ఏర్పాట్లు చూస్తున్న బావమరిదినో మేనల్లుడినో పక్కకు పిలిచి అడగండి. సంతకం మాత్రం భార్య, భర్త, కొడుకు, కూతురు, తోడబుట్టినవాళ్లు ఇలా దగ్గరివాళ్లదే. "పెద్దోడు అమెరికా నుంచి రావాలి" అంటారు. పెద్దోడు వచ్చేది అంత్యక్రియలకు, సంతకం ఇక్కడున్న చిన్నోడు పెట్టొచ్చు, పెద్దోడితో వీడియో కాల్లో ఒక మాట అనిపించండి. "వచ్చే జన్మలో గుడ్డిగా పుడతారు" అనే పెద్దమ్మ ప్రతి ఇంట్లో ఉంటుంది. ఆమెతో వాదనకు దిగారా, ఆరు గంటలూ అక్కడే పోతాయి. వద్దంటే దండం పెట్టి వచ్చేయండి. బలవంతపు సంతకం ఆ ఊళ్లో తర్వాతి పది ఇళ్లను మూసేస్తుంది.

డబ్బు ప్రస్తావన ఏ వైపు నుంచీ రాకూడదు. కళ్లకు వెల కట్టడం 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నేరం. చూపు ఎవరికి వచ్చిందో కుటుంబానికి చెప్పరు, మీరూ ఆరా తీసి ఫొటోలు పెట్టొద్దు. దాత ఫొటో పోస్టు చేయాలన్నా ఇంటివాళ్లను అడగండి.

(తెర మీద: శిబిరం టేబుల్, ఫారాలు, ఒక ఫోన్)

వాయిస్: శిబిరం పెట్టొద్దని కాదు. తీరు మార్చండి. ఫారం తీసుకునే ప్రతి ఒక్కరినీ అమ్మానాన్నల్లో ఒకరినో, పెళ్లయితే జీవిత భాగస్వామినో వెంట తెమ్మనండి. రాలేకపోతే అక్కడి నుంచే ఫోన్ చేసి "నేను ఇలా రాసిచ్చాను" అని చెప్పించండి. ఆ ఒక్క కాల్ లేని ఫారం తీసుకోకండి. లెక్క తగ్గుతుంది, తగ్గనివ్వండి. ఊరికి ఇద్దరు బాధ్యుల పేర్లు, నంబర్లు పంచాయతీ దగ్గర, మెడికల్ షాపు గోడ మీద అంటించండి. ఏటా ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8 దాకా నేత్రదాన పక్షోత్సవాలు జరుగుతాయి. కంటి బ్యాంకువాళ్లు అప్పుడు అవగాహనకు ఊళ్లకు వస్తారు, మీ బాధ్యులకు అప్పుడే శిక్షణ అడగండి.

చివరగా ఫోన్లో నంబరు సేవ్ చేసే పద్ధతి. "కంటి బ్యాంకు" అని పెడితే, కంగారులో వెతికే చేతికి కాంటాక్టుల మధ్య దొరకదు. పేరు ముందు రెండు ఇంగ్లిష్ "A"లు చేర్చండి, జాబితాలో పైనే కనిపిస్తుంది. మీ ఇంట్లో అందరి ఫోన్లలోనూ అలాగే పెట్టండి, ఆరు నెలలకోసారి చేసి నంబరు మారిందేమో చూడండి.