చైనాలో డబ్బులు కట్టడం (మధ్యలో టిఫిన్ వచ్చింది)

లత: నమస్తే అండీ. ఈ వారం ఎపిసోడ్ చైనా ట్రిప్ గురించి, ముఖ్యంగా అక్కడ డబ్బులు ఎలా కట్టాలన్నది. ప్రశ్నలు బోలెడు వచ్చాయి.

శ్రీను: సగం మంది నీ పిల్లి ఎలా ఉందనే అడిగారక్కా.

లత: పిల్లి బానే ఉంది. సరే, వినండి. అక్కడ డబ్బులు కట్టే యాప్‌లు అలీపే, వీచాట్ రెండూ ఫోన్‌లో వేసుకోండి. 2023 నుంచి విదేశీ కార్డులు కూడా వాటిలో కలుపుకోవచ్చు. ఆ పని బయల్దేరకముందే ఇంట్లో కూర్చుని చేసుకోండి, అక్కడికెళ్లాక ఓటీపీ రాకపోతే టెన్షన్. అంతే.

శ్రీను: అంతేనా? గంట ఎపిసోడ్ అన్నావు!

లత: నాకు వుహాన్ నూడుల్స్ గురించి చెప్పాలని ఉంది. వాటి పేరు రగాన్ మియెన్. పొద్దున్నే ఆ ఊళ్లోనే వుచాంగ్ వైపు ఒక సందులోకి వెళ్లా. నూడుల్స్ అమ్మే ఆవిడ వెదురు జల్లెడ గరిటెలో గుప్పెడు నూడుల్స్ వేసి, మరిగే నీళ్లలో ముంచి, నాలుగుసార్లు దులిపి కాగితం గిన్నెలో వేసేసింది. పైన గరిటెడు నువ్వుల ముద్ద, మిరప నూనె, ఉల్లికాడలు, ఊరబెట్టిన ముల్లంగి ముక్కలు. కలపడం మాత్రం మన పనే. వెంటనే కలపకపోతే ముద్దకట్టేస్తుంది.

శ్రీను: రసం లేదా? గొంతుకి అడ్డం పడదూ? మే నెలలో మా రెంటచింతలలో అలాంటిది పెడితే...

లత: వచ్చేసిందమ్మా రెంటచింతల.

శ్రీను: ఎండ అంటే ఏమిటో తెలిసిన ఊరు అది.

లత: ఈసారి నీ ఊరికి సంబంధం ఉందిలే. చైనాలో కొలిమిలా కాలే ఊళ్లని చోంగ్‌చింగ్, నాన్‌జింగ్‌లతో కలిపి వుహాన్‌నీ చెప్తారు. ఆ వేడికి పిండి పులిసిపోకుండా క్షారం కలుపుతారు, ఆ పసుపు రంగు దాని వల్లే. ముందే మూడొంతులు ఉడికించి, నూనె పట్టించి, బల్ల మీద పరిచి గాలికి ఆరబెట్టి ఉంచుతారు. అందుకే నువ్వు అడిగిన నిమిషంలో గిన్నె చేతిలో ఉంటుంది. తింటూ పనికి వెళ్లిపోతారు జనం.

శ్రీను: నడుస్తూ తింటారా?

లత: నడుస్తూనే. ఒక చేత్తో గిన్నె, ఇంకో చేత్తో పుల్లలు.

శ్రీను: అది తిండి కాదక్కా.

లత: నువ్వు ఇడ్లీ బండి దగ్గర నిలబడి తినవా?

శ్రీను: నిలబడటం వేరు, నడవడం వేరు. బండి దగ్గర నిలబడితే రెండోసారి చట్నీ వేయించుకోవచ్చు. నడిచేవాడికి ఎవరు వేస్తారు?

లత: రెండోసారా? నువ్వు నాలుగోసారి అడుగుతుంటే బండాయన మొహం తిప్పుకోవడం నేను చూశాను.

శ్రీను: అల్లం చట్నీ అయితే అడుగుతా. అది నా హక్కు.

లత: హక్కేంటి, ఇడ్లీ రెండు, చట్నీ కిలో! అక్కడ ముందే లెక్కగా వేసి ఇచ్చేస్తారు. ఎవరూ ఎవరి మొహం చూడక్కర్లేదు. నాకు అదే నచ్చింది.

శ్రీను: నీకు మనుషులతో మాట్లాడక్కర్లేకపోతే చాలు, ఏదైనా నచ్చుతుంది.

లత: ...అదేం మాట రా?

శ్రీను: సరదాకి అన్నా.

లత: హ్మ్. సరే. 2020లో ఒక బొమ్మ తిరిగింది, చూశావా? ఆసుపత్రి మంచం మీద ఈ నూడుల్స్ గిన్నె, మిగతా ఊళ్ల వంటలన్నీ నిలబడి ధైర్యం చెప్తుంటాయి. కరోనా వల్ల జనవరి 23న వుహాన్ మూసేశారు, ఏప్రిల్ 8 దాకా తెరవలేదు. మన తెలుగు పిల్లలు కూడా అక్కడ మెడిసిన్ చదువుతున్నారు అప్పుడు.

శ్రీను: మా వీధిలో ఒకాయన కొడుకు. ఆ వారం వాళ్ల ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. వచ్చేశాడులే.

లత: ఊరు తెరిచాక జనం మళ్లీ ఈ గిన్నె కోసం లైన్లు కట్టారు.

శ్రీను: మళ్లీ నిలబడే కదా.

లత: నిన్నూ... ఇంకోటి ఉంది, దోపి అని. పెసలూ బియ్యం కలిపి రుబ్బిన పిండితో అట్టు పోసి, గుడ్డు కొట్టి, పైన జిగురు బియ్యం అన్నం పరిచి చదరాలుగా కోస్తారు.

శ్రీను: పెసరట్టులో ఉప్మా బదులు అన్నమా? దారుణం.

లత: ఉప్మా పెసరట్టు తినేవాడివి నువ్వు మాట్లాడకు.

శ్రీను: నేను ఉప్మా విడిగా పెట్టించుకుంటా.

లత: అప్పుడది రెండు టిఫిన్లు.

శ్రీను: రెండే. బిల్లు కూడా రెండింటికీ వేస్తాడు.

లత: మరి ఇందాక హక్కు అన్నావు... ఆగు, ఫోన్ వస్తోంది. ఆపెయ్, ఆపెయ్.