సర్టిఫికెట్ ఫీజు కట్టే ముందు చూసుకోవాల్సినవి

అందరికీ నమస్కారం.

మీలో చాలామందికి ఇండోనేషియా నుంచో, మలేషియా నుంచో, గల్ఫ్ దేశాల నుంచో ఒక ఎంక్వయిరీ వచ్చే ఉంటుంది. శాంపిల్ నచ్చుతుంది, రేటు కుదురుతుంది. ఆఖర్న అవతలివాళ్ళు "హలాల్ సర్టిఫికెట్ పంపండి" అంటారు. అక్కడ టెన్షన్ మొదలవుతుంది. ఎవరు త్వరగా ఇస్తారు, ఎవరు తక్కువ తీసుకుంటారు అని వెతుకులాట. ఫ్యాక్టరీలను ఈ ఆడిట్లకు సిద్ధం చేయడమే నా పని. ఆ తొందరలో డబ్బు పోగొట్టుకున్నవాళ్ళను దగ్గర నుంచి చూశాను కాబట్టి, ఫీజు కట్టడానికి ముందు జరగాల్సిన పని గురించే ఇవాళ ఎక్కువగా మాట్లాడతాను.

ముందు పాత సంగతి ఒకటి చెప్తాను. 2001 జనవరిలో ఇండోనేషియాలో అజినొమోటో ప్యాకెట్లను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ పొడిలో పందికి సంబంధించిందేదీ లేదు. ల్యాబ్‌లో పరీక్షించినా ఆనవాలు దొరకలేదు. మరి తప్పెక్కడ? ఆ పొడిని తయారుచేసేది బాక్టీరియా. ఆ బాక్టీరియాను పెంచడానికి పోషక పదార్థం కావాలి. కంపెనీ పాత పోషకం మానేసి సోయాతో చేసిన కొత్తదాన్ని తెచ్చింది. సోయా అంటే శాకాహారమే కదా! కానీ ఆ సోయా ప్రొటీన్‌ను విడగొట్టడానికి వాడిన ఎంజైమ్ పంది నుంచి తీసింది. అక్కడి ఉలేమా (ఇస్లాం మత పండితుల) మండలి, అంటే ఎంయూఐ, అది హరాం, అంటే మతం నిషేధించింది అని తేల్చింది. దేశాధ్యక్షుడు అబ్దుర్రహ్మాన్ వాహిద్ తినొచ్చని అన్నా ఎంయూఐ తన మాట మార్చుకోలేదు.

సరుకులో ఏముందని మాత్రమే కాదు, అది ఏ దారిన వచ్చిందని కూడా ఆడిటర్ అడుగుతాడు. మీ సప్లయర్‌కు సరుకు ఇచ్చిన సప్లయర్ ఎవరు, అతను దాన్ని దేనితో చేశాడు అన్నదాకా కాగితం చూపించాలి. ఈ పని మీరు తప్ప ఇంకెవరూ చేయలేరు.

కాబట్టి మీ పదార్థాల పట్టికను ఎదురుగా పెట్టుకుని ఒక్కో లైన్ చూడండి. ఇ471 అని ఉంటే అది మోనో, డై గ్లిజరైడ్స్, అంటే నూనెను, నీళ్ళను కలిపి ఉంచే ఎమల్సిఫయర్. నూనె గింజల నుంచీ వస్తుంది, జంతువుల కొవ్వు నుంచీ వస్తుంది. నంబర్ చూసి ఏదో చెప్పలేం. మాత్రల్లో వాడే మెగ్నీషియం స్టియరేట్, కాస్మెటిక్స్‌లో గ్లిజరిన్, వీటిదీ అదే కథ. జెలటిన్ అయితే ఏ జంతువు, దాన్ని ఎలా కోశారు అన్నంతవరకూ వెళ్ళాలి. పిండిని మెత్తబరచే ఎల్-సిస్టీన్‌ను మనిషి జుట్టు నుంచి, ఈకల నుంచి కూడా తీస్తారు, పులియబెట్టీ చేస్తారు. జుట్టుది పనికిరాదు. చక్కెరను, నూనెను శుద్ధి చేసే కార్బన్ బొగ్గుదా, ఎముకలదా? ఇలాంటివాటిని మష్బూహ్ అంటారు, అంటే అనుమానం ఉన్నవి. అనుమానం తీర్చే కాగితం దొరికేదాకా అవి అలాగే పక్కన ఉంటాయి.

అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేవి ఫ్లేవర్లు. ఒక చిన్న సీసాలో పాతిక ముప్పై పదార్థాలుంటాయి. ఫార్ములా రహస్యం అంటాడు తయారుచేసినవాడు. దానికితోడు వాటిలో చాలావాటిని ఇథనాల్‌లో కరిగిస్తారు. మత్తు పానీయం నుంచి వచ్చిన ఆల్కహాల్ ఎంత కొంచెమైనా కుదరదు. ఇతర దారిలో వచ్చిన ఇథనాల్‌కు దేశాన్ని బట్టి పరిమితులున్నాయి. మీరు ఫార్ములా కోసం గొడవపడొద్దు. ఇప్పటికే హలాల్ సర్టిఫికెట్ ఉన్న ఫ్లేవర్ కొనండి. కాస్త ఎక్కువ పడినా నెలల తిరుగుడు తప్పుతుంది.

పదార్థాలన్నీ సరిగ్గా ఉండి కూడా ఆగిపోయిన ఫ్యాక్టరీ ఒకటి నాకు బాగా గుర్తుంది. కాగితాలన్నీ పక్కాగా ఉన్నాయి. ఓవెన్ ముందు ఒకమ్మాయి ట్రేలలోని పిండి మీద తెల్లటి బ్రష్‌తో నూనె రాస్తోంది. ఆడిటర్ ఆ బ్రష్ అడిగి తీసుకున్నాడు. ఒక్క పోగు పీకి, బయటికి తీసుకెళ్ళి లైటర్ అంటించాడు. ప్లాస్టిక్ అయితే కరిగి చిన్న ముద్ద అవుతుంది. ఇది ముడుచుకుని కాలింది, జుట్టు కాలిన వాసన వచ్చింది. తర్వాత విచారిస్తే అవి పంది వెంట్రుకలు. అలాంటిది తగిలిన పరికరాలను, ఇండోనేషియా, మలేషియా పద్ధతిలో, ఏడుసార్లు కడగాలి. అందులో ఒకసారి మట్టి కలిపిన నీళ్ళతో. ఆ ట్రేలన్నీ అలా కడిగే రోజున నేనూ అక్కడే ఉన్నాను. ఎవరి ముఖంలోనూ విసుగు లేదు, సిగ్గు ఉంది. బ్రష్ కొన్నతనికి పాపం ఎవరూ ఆ సంగతి చెప్పలేదు. తప్పు అతనిది కాదు, ముందే చెప్పాల్సిన నాది.

కొనేవాళ్ళు దీన్ని ఒక రూల్‌గా చూడరు. పిల్లల నోట్లో పెట్టేదాన్ని మన మాట మీద నమ్మి కొంటున్నారు. నమ్మకం లేనివాడికి ఇదంతా చాదస్తంలా కనిపించొచ్చు. అలా అనుకుంటూ చేసే పనిలో ఎక్కడో ఒకచోట బ్రష్ మిగిలిపోతుంది.

ఇక సర్టిఫికెట్ ఎవరి దగ్గర తీసుకోవాలి? ప్రపంచమంతా చెల్లే ఒకే సర్టిఫికెట్ అంటూ ఏదీ లేదు. ముందు దేశం, తర్వాత సంస్థ. మలేషియా అయితే అక్కడి ప్రభుత్వ ఇస్లామిక్ వ్యవహారాల శాఖ జాకిమ్ గుర్తించిన విదేశీ సంస్థల జాబితా చూడాలి. ఇండోనేషియా అయితే అక్కడి ప్రభుత్వ హలాల్ సంస్థ బీపీజేపీహెచ్ జాబితా. గల్ఫ్ దేశాలకూ వేటి గుర్తింపు పద్ధతి వాటికుంది. జాబితాలో పేరుంటే సరిపోదు, ఆ సంస్థకు దేనికి గుర్తింపు ఉందో చూడండి. పశువధకు గుర్తింపు ఉన్న సంస్థకు ఫ్లేవర్లకు ఉండాలని లేదు.

చట్టాలూ ఒకేలా ఉండవు. మలేషియాలో సర్టిఫికెట్ తప్పనిసరి కాదు, కానీ అది లేకుండా సరుకు మీద హలాల్ అని రాయడం నేరం. ఇండోనేషియాలో 2014 నాటి 33వ నంబరు చట్టం దాన్ని తప్పనిసరి చేసింది. ఆహారం, పానీయాలకు మొదటి గడువు 2024 అక్టోబర్ 17న ముగిసింది. చిన్న ఉత్పత్తిదారులకు, కాస్మెటిక్స్‌కు గడువు 2026 అక్టోబర్ 17. హరాం పదార్థాలున్న సరుకును అక్కడ అమ్మనివ్వరనుకోకండి. అమ్మొచ్చు, కాకపోతే హలాల్ కాదని ప్యాకెట్ మీద స్పష్టంగా రాయాలి.

దరఖాస్తు, ఫారాలు, సైట్ ఆడిట్, షరియా నిపుణుల నిర్ణయం, ఇవన్నీ సంస్థే దగ్గరుండి చెప్తుంది. అవి పెద్ద కష్టం కాదు. నాకు భయమేసేది సర్టిఫికెట్ వచ్చిన తర్వాతి రోజుల గురించి. ఇండోనేషియాలో ఇచ్చే సర్టిఫికెట్‌కు ఒకప్పుడు నాలుగేళ్ళ గడువు ఉండేది. ఇప్పుడు పదార్థాలు, తయారీ పద్ధతి మారనంతకాలం అది చెల్లుతుంది. సౌకర్యంగానే ఉంది, కానీ "మారనంతకాలం" అన్నదాన్ని కనిపెట్టుకుని ఉండాల్సింది మీరే. స్టాక్ అయిపోయిందని పర్చేజ్‌లో ఒకరు వేరే ఎమల్సిఫయర్ తెప్పిస్తారు. పేరు అదే, నంబర్ అదే, బస్తా మాత్రం వేరు. 2001లో జరిగింది కూడా పోషకం మార్చడమే కదా. అందుకే ఆమోదించిన పదార్థాల జాబితా ఎండీ గదిలో కాదు, పర్చేజ్ టేబుల్ మీద, స్టోర్ గుమ్మం దగ్గర ఉండాలి. జాబితాలో లేని బస్తాను స్టోర్‌కీపర్ లోపలికి రానివ్వకూడదు. ఆ అధికారం అతనికి రాతపూర్వకంగా ఇవ్వండి.

పదార్థాల పట్టిక వెంట తెచ్చుకోమని మొన్న ఫోన్లో చెప్పాను. తెచ్చినవాళ్ళు తీయండి. ఫ్లేవర్, ఎంజైమ్, ఎమల్సిఫయర్, జెలటిన్ అని ఉన్న ప్రతి లైన్ కింద పెన్సిల్‌తో గీత గీసి, దాని పక్కన సప్లయర్ పేరు రాయండి. పేరు రాయలేకపోయిన లైన్లతో మొదలుపెడదాం.