కత్తిపీట ముందు కూర్చోబెట్టి చూడండి

యాంకర్: సొంత పాత్రలు సృష్టించేవాళ్లు ఎక్కువగా నిలబడ్డ బొమ్మే చూపిస్తారు. పక్కన బట్టలు, ఆయుధాలు. ఆ పాత్ర వంటింట్లో, బస్సులో ఎలా ఉంటుందో గీసేవాళ్లు తక్కువ. ఎందుకు మేడమ్?

ఇలస్ట్రేటర్: అది కష్టం కాబట్టి సార్. నిలబడ్డ మనిషికి కొలత ఉంది. తల పొడవుతో కొలిస్తే, మామూలు మనిషైతే ఏడున్నర తలల ఎత్తు, హీరో అయితే ఎనిమిది. కూర్చోబెట్టగానే ఆ లెక్క చాలదు. కత్తిపీట ముందు ఒకామెను గీయండి. ఒక కాలు మడిచి పీట మీద వేసి, ఆ బరువుతోనే పీట కదలకుండా చూసుకుంటుంది. కత్తి ఉన్నచోటే ఉంటుంది, వంకాయే దాని మీదికి వెళ్తుంది. రెండు చేతులూ వంకాయ మీదే ఉంటాయి. చాకు పట్టుకున్నట్టు చేతులు గీశామా, బొమ్మ మొత్తం అబద్ధమైపోతుంది.

కార్టూనిస్ట్: బాగుంది. కానీ ముందు ఆమె ఎవరో తేలాలి కదమ్మా? ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి గీసిన షీట్ దగ్గర లేకపోతే నాలుగో బొమ్మకు ముక్కు మారిపోతుంది. ఆర్.కె. లక్ష్మణ్ గారి పత్రిక కార్టూన్లలో కామన్ మ్యాన్ 1951 నుంచి దశాబ్దాల పాటు వచ్చాడు. అదే పంచె, అదే గళ్ల కోటు, అదే కళ్లజోడు.

ఇలస్ట్రేటర్: ఆయన్ని మనకు దగ్గర చేసింది కోటు కాదండీ. ఎదుట మంత్రి మాట్లాడుతున్నా ఆయన నోరు విప్పడు, ఓ పక్కన నిలబడి చూస్తుంటాడు. ఆ చూడటమే ఆయన పాత్ర.

కార్టూనిస్ట్: అది ఒప్పుకుంటాను. బాపు గారి బొమ్మల్లోనూ చాలాసార్లు వెనక గోడ కూడా ఉండదు. నడుం మీద చెయ్యి పెట్టిన తీరులోనే ఆమె కోపం కనిపిస్తుంది. అయినా షీట్ ఉండాల్సిందే, ఆ మాట మీదే ఉంటాను.

యాంకర్: ఒక విద్యార్థిని అడుగుతున్నారు: “నా పాత్ర బస్ కండక్టర్. టికెట్లు కొట్టేటప్పుడు గీస్తే కొయ్యబొమ్మలా బిగుసుకుపోతోంది.”

ఇలస్ట్రేటర్: నిటారుగా నిలబెట్టి ఉంటారు. కదిలే బస్సులో రెండు చేతులూ టికెట్ మిషన్‌కీ చిల్లరకీ కావాలి, కడ్డీ పట్టుకోవడానికి చెయ్యి ఉండదు. అందుకే నడుమును సీటు అంచుకు ఆనిస్తుంది, కాళ్లు ఎడంగా పెడుతుంది. ముందు ఆ వాలు గీయమ్మా, యూనిఫాం తర్వాత వేసుకోవచ్చు. కొత్తగా డ్యూటీలో చేరిన అమ్మాయైతే ఒక చెయ్యి ఇంకా కడ్డీ వదలదు, చిల్లర తీయాలంటే టెన్షన్. పాతికేళ్ల సర్వీసున్నావిడ మిషన్ వైపు చూడను కూడా చూడదు. ఈ రెండు బొమ్మల్లో మొహాలు చెరిపేసినా ఎవరెవరో తెలిసిపోతుంది.

యాంకర్: బస్సులో తెలియనివాళ్లను చూస్తూ గీయొచ్చా?

కార్టూనిస్ట్: ఫోన్ ఎత్తి ఫొటో తీయడం మాత్రం వద్దు. చూసి గుర్తుపెట్టుకుని, దిగాక చిన్న పుస్తకంలో నాలుగు గీతలు వేసుకోవాలి. మొహం ఎవరిదీ తీసుకోకూడదు. భంగిమ తెచ్చుకుని మీ పాత్రకు పెట్టండి.

ఇలస్ట్రేటర్: చెప్పులు కూడా చూడండి సార్, అందరూ మర్చిపోయేది అవే. మడమ వైపు ఎంత అరిగిందో గీస్తే ఆ మనిషి ఎలా నడుస్తాడో వేరే చెప్పక్కర్లేదు.