తప్పు పట్టడం వేరు, దిద్దడం వేరు

శ్రోతలకు నమస్కారం.

ఇందుకూరుపేట వైపు ఒక రొయ్యల గుంట దగ్గర పట్టుబడి జరుగుతోందనుకోండి. గట్టు మీద కుర్రాడు నాలుగు ట్రేల తూకం ఫోన్లో చెబుతున్నాడు: 12, 15, 9, 14 కిలోలు. మోటార్ల హోరులో నెల్లూరులో రాసుకునే గుమాస్తాకు రెండోది 18 అని వినపడింది. కుర్రాడు చివర్లో "మొత్తం 50" అన్నాడు. గుమాస్తా కూడితే 53. తప్పుందని తెలిసింది, ఎక్కడుందో తెలీదు. మళ్లీ ఫోన్ చెయ్యాలి.

సరిగ్గా ఇక్కడే 1940లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో రిచర్డ్ హామింగ్ అనే గణితవేత్తకు ఒళ్లు మండింది. శని, ఆదివారాల్లో లెక్కలు చేసే యంత్రానికి, అంటే అప్పటి కంప్యూటర్‌కు, లెక్క అప్పజెప్పి వెళ్తే, అది తప్పు కనిపెట్టి, ఆ పని వదిలేసి పక్క పనికి పోయేది. తప్పుందని పట్టగలిగిన యంత్రం అదెక్కడుందో ఎందుకు చెప్పలేదని ఆయన పట్టుబట్టాడు. 1950లో దారి చూపించాడు.

మన కుర్రాడి చేత ఇంకో అంకె చెప్పిద్దాం. మొదటి ట్రేని ఒకటితో, రెండోదాన్ని రెండుతో, అలా నాలుగోదాన్ని నాలుగుతో గుణించి కూడితే 125. గుమాస్తా లెక్కలో 131 వస్తుంది, అంటే ఆరు ఎక్కువ. మొత్తంలో తేడా మూడు. ఆరును మూడుతో భాగిస్తే రెండు. తప్పు రెండో ట్రేలో ఉంది! 18లో 3 తీసేస్తే 15. ఫోన్ చెయ్యకుండానే దిద్దుకున్నాడు. రెండు ట్రేలు తప్పు వింటే మాత్రం ఇది చాలదు, ఇంకొన్ని అంకెలు అదనంగా పంపాలి. ఖర్చంతా అక్కడే.

అందుకే అన్నిచోట్లా దిద్దరు. ఆధార్‌లో పన్నెండో అంకె కేవలం కాపలాకే. ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా దొరికిపోతుంది. మనిషి ఎదురుగానే ఉన్నాడు, మళ్లీ అడిగితే సరి. వాయేజర్-1 అంతరిక్ష నౌకను అలా అడగలేం. దాని కబురు భూమికి చేరడానికే 20 గంటలు దాటుతుంది. అక్కడ రీడ్, సాలమన్ అనే ఇద్దరు 1960లో ఇచ్చిన లెక్క వాడారు. మన ట్రేల లెక్కకు అది పెద్దన్న.

అదే లెక్క ట్రంకు రోడ్డు దోసెల బండి మీది క్యూఆర్ కోడ్‌లోనూ ఉంది. నూనె మరకలు పడినా, గీతలు పడినా డబ్బులు వెళ్తున్నాయంటే దాని చలవే. గట్టి రకం కోడైతే అందులోని సమాచారం 30 శాతం దాకా చెడినా కోలుకుంటుంది. కానీ మూడు మూలల్లో ఉండే పెద్ద గళ్లకు ఈ రక్షణ లేదు. అవి పోతే ఫోన్ అసలు కోడ్‌నే గుర్తుపట్టదు.

ఇంకో మాట. ఎవడైనా రాత్రికి రాత్రి తన కోడ్ పైన అంటించి పోతే ఈ లెక్కలేవీ పట్టవు, ఆ కోడ్‌లో కూడా తప్పేమీ ఉండదు కాబట్టి. తెర మీద వచ్చిన పేరు బండాయనదేనా అన్నది మనం చూసుకోవాల్సిందే.