సన్న ఉన్ని మోజులో పడి మన నల్ల గొర్రెను మరవొద్దు!

నమస్తే అన్నలూ, అక్కలూ. ఈ వీడియో అయ్యేసరికి కొందరికి నా మీద కోపం రావచ్చు, రానివ్వండి. నేను చెప్పేది ఒక్కటే మాట. సన్న ఉన్ని మంచిది, ముతక ఉన్ని పనికిరానిది అనేది పచ్చి అబద్ధం. ఆ అబద్ధాన్ని నమ్మితే మిగిలిన మన నల్ల గొర్రెను కూడా మన చేతులతోనే పోగొట్టుకుంటాం.

ఆ రీల్ చూసే ఉంటారు. దూది మూటలా తెల్లటి గొర్రె, మెడ కింద మడతలు పడ్డ చర్మం, పక్కన నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న ఒకాయన. “తెలంగాణ రైతు మెరినో పెంచితే ఉన్ని మీదే లక్షలు” అంటాడు. మా వాట్సాప్ గ్రూపుల్లో పది రోజులుగా అదే తిరుగుతోంది. జనగామ వైపు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి, “అన్నా, ఎకరం అమ్మి యాభై గొర్రెలు తెద్దామనుకుంటున్న, ఎక్కడ దొరుకుతయి?” అని అడిగాడు. భూమి అమ్మి! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మెరినో సన్న ఉన్నికి పేరుపడ్డ పరాయి గొర్రె, గొప్పదే, కాదనను. ఒకప్పుడు స్పెయిన్ వాళ్లు దాన్ని ప్రాణంలా కాపాడుకున్నారు, దేశం దాటనిచ్చేవాళ్లు కాదు. 1786లో ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ బతిమాలి 350కి పైగా జీవాలు తెప్పించుకున్నాడు, వాటిని స్పెయిన్ నుంచి పారిస్ దగ్గర్లోని రాంబూయే దాకా నాలుగు నెలలు నడిపించుకుంటూ తెచ్చారు. నాలుగు నెలలు! మన కురుమోళ్లకు, గొల్లోళ్లకు ఆ నడక ఏంటో తెలుసు, ఎండాకాలం మందను తోలుకుని గోదావరి వైపు పోయినవాళ్లకు ఇంకా బాగా తెలుసు. ఆ మంద నుంచి వచ్చిందే రాంబూయే జాతి. తర్వాత మెరినో ఆస్ట్రేలియా చేరింది, అక్కడ మహాసామ్రాజ్యమే అయింది.

దాని గొప్పతనం చర్మంలో ఉంది. ఒక్కో పెద్ద వెంట్రుక కుదురు చుట్టూ ఇరవై దాకా చిన్న కుదుళ్లు ఉంటాయి, అందుకే ఉన్ని అంత ఒత్తుగా, అంత సన్నగా వస్తుంది. పోగు మందం 17 నుంచి 22 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. మన నల్ల గొర్రెది, అదే దక్కని గొర్రెది, దానికి రెట్టింపు ఉంటుంది. మెరినో ఏడాదికి నాలుగైదు కిలోలు ఇస్తే మనది రెండుసార్లు కత్తిరించినా కిలో దాటదు. రీల్ ఆయన ఈ లెక్క చెప్పి ఆపేశాడు. నా లెక్క ఇక్కడి నుంచే మొదలవుతుంది.

పోయిన నెల ఐనవోలు అవతల ఒక ఊళ్లో ఒక తాత ఇంటికి పోయాను. అరుగు మీద గొంగడి పరిచి ఉంది, ఎప్పుడో ఆయన తండ్రి నేసినదట. తాత చెంబుతో నీళ్లు తెచ్చి దాని మీద పోసి, “చూడు బిడ్డా” అన్నాడు. నీళ్లు ముత్యాల్లా నిలిచి అంచు దాకా జారి కింద పడ్డాయి. గొంగడి ఎత్తి చూస్తే కింద బండ పొడిగా ఉంది. వేలితో రుద్దాను, గరుకుగా, గోనె కంటే మెత్తగా, మేక వెంట్రుక కంటే బిరుసుగా, కొంచెం పొగ వాసన. “గీ బొచ్చు ముతకదని గదా అంటరు, మెత్తటిది గిట్ల ఆన ఆపుతదా?” అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు.

ముతక అనేది ఆ ఉన్నికి లోపం కాదు, అదే దాని పని! దక్కని పోగు చాలావరకు లోపల గొట్టంలా బోలుగా ఉంటుంది, బిరుసుగా నిలబడుతుంది. దాన్ని ఏకి, వడికి, చింత గింజల గంజి పట్టించి గుంట మగ్గం మీద నేస్తే వానకు గొడుగు, చలికి దుప్పటి, రాత్రి మంద దగ్గర పరుపు, అన్నీ ఒకటే గుడ్డ. మెరినో ఉన్నితో స్వెటర్ చేయండి, సూటు చేయండి, బ్రహ్మాండంగా ఉంటుంది. గొంగడి మాత్రం రాదు. ముతక ఉన్ని చేసే పని సన్న ఉన్ని చేయలేదు, అంతే!

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి, విషయం పక్కకు పోయినా పర్లేదు. కాకతీయుల కాలంలో, రుద్రమదేవి ఏలుబడి గురించి రాసిన మార్కోపోలో రెండు సంగతులు రాశాడు. ఇక్కడి గొర్రెలు ప్రపంచంలోనే పెద్దవి అన్నాడు, ఇక్కడి బట్ట సాలెగూడులా సన్నగా ఉంటుంది అన్నాడు. ఆయన మోటుపల్లి రేవు గురించి రాశాడు కాబట్టి ఆ గొర్రెలు కోస్తా జాతివే కావచ్చు, అది ఒప్పుకుంటాను. కానీ ఆ సాలెగూడు బట్ట పత్తిది! నా సిద్ధాంతం అదే. ఇంత ఎండ కాసే నేలలో సన్నపోగు పత్తి ఇస్తుంది, ముతక పోగు గొర్రె ఇస్తుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు సీజన్‌లో పోయి చూడండి, బండ్ల మీద బండ్లు పత్తి. సన్నటి దారం పుట్టే ఊళ్లో ఉండి సన్న ఉన్ని కోసం పరాయి గొర్రెను తేవడం ఎందుకు, చెప్పండి?

సరే, తెచ్చారనుకుందాం. మే నెలలో 44 డిగ్రీలు, ఒంటి మీద ఒత్తుగా అల్లుకున్న ఉన్ని. గొర్రె నోరు తెరిచి రొప్పుతుంది, మేత మానేస్తుంది. ఎండ దెబ్బకు పొట్టేలు వీర్యం కూడా పాడవుతుంది, కట్టించినా గొర్రెలు చూలు నిలవవు. ఆ వెంటనే వాన. తడిసిన ఒత్తు ఉన్ని లోపల ఆరదు, చర్మం కుళ్లుతుంది, ఈగ గుడ్లు పెడుతుంది, పురుగులు పడతాయి. ఆస్ట్రేలియా లాంటి దేశంలోనే ఈగ బాధకు తోక చుట్టూ చర్మం కోసేస్తారు, అది పెద్ద గొడవ అయి కూర్చుంది అక్కడ. ఇక మన చేల గట్ల మీద పల్లేరు కాయలు! ఒక్కసారి ఆ ఉన్నిలోకి పోతే తీయడం ఎవరి వల్లా కాదు.

అన్నిటికంటే పెద్ద భయం నీలి నాలుక జబ్బు. వానాకాలం చివర చిన్న దోమల్లాంటి పురుగుల ద్వారా వస్తుంది, మూతి వాస్తుంది, నాలుక నీలమవుతుంది, కాళ్ల గిట్టల దగ్గర వాపుతో గొర్రె కుంటుతుంది. మన మందలకే ఇది ప్రాణాంతకం, ఎన్ని మందలు పోయాయో కాపరులను అడగండి. అసలు ఈ జబ్బును లోకం ఎక్కడ గుర్తించింది? దక్షిణాఫ్రికాలో, యూరప్ నుంచి మెరినోలు దిగిన తర్వాత. అక్కడి స్థానిక గొర్రెలు తట్టుకున్నాయి, సన్న ఉన్నివి కూలిపోయాయి. రీల్‌లో ఈ ముక్క ఎందుకు లేదు?

మేత సంగతి కూడా వినండి, ఇది చాలామందికి తెలియదు. గొర్రె ఆకలితో ఉంటే ఉన్ని ఇంకా సన్నబడుతుంది, కానీ ఆ చోట పోగు బలహీనమై మిషన్‌లో తెగిపోతుంది. అంటే ఎండాకాలం రెండు నెలలు పచ్చిక లేకపోతే ఏడాది ఉన్ని ధర పడిపోయినట్టే. మంచి మేత, చల్లటి గాలి, మైక్రాన్ పరీక్ష చేసి ధర కట్టే మార్కెట్, మూడూ ఉండాలి. మన దేశంలో సన్న ఉన్ని గొర్రె ఎక్కడ నిలబడిందో చూడండి. రాజస్థాన్‌లోని అవికానగర్‌లో కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ చోక్లా, నాలి లాంటి గొర్రెలను రాంబూయే, మెరినో పొట్టేళ్లతో కలిపి, బయటి రక్తం ముప్పావు వంతు ఉండేలా భారత్ మెరినోను తయారుచేసింది. ఆ గొర్రెను దక్షిణాదిలో ఎక్కడ పెట్టారు? కొడైకెనాల్ కొండల మీద మన్నవనూరులో! చలి కొండ మీద. మన వరంగల్ వైపు పర్వతగిరిలో కాదు, పరకాలలో కాదు.

మెరినో గురించి ఇంకో సంగతి చెబితే మీరు నమ్మరు. మెరినోల్లో బూరూలా అని ఒక రకం ఉంది, ఒక్కో ఈతకు రెండు మూడు పిల్లలు వేస్తుంది. ఆ గుణం ఎక్కడిది? మన బెంగాల్ గరోల్ గొర్రెది! 1790లలో కలకత్తా నుంచి ఓడ ఎక్కిన చిన్న గొర్రెలు ఆస్ట్రేలియాకు ఇచ్చిన జన్యువు. మహారాష్ట్ర ఫల్టణ్‌లో నింబ్కర్ సంస్థ అదే జన్యువును గరోల్ నుంచి తీసి దక్కని రకంలోకి ఎక్కించి నారి సువర్ణ అని తయారుచేసింది, కవలలు వేసే గొర్రె. చూశారా, ఆ కవలల గుణం మన గొర్రె నుంచే మన గొర్రెకు వచ్చింది. నాకు ఒళ్లు జలదరించింది ఇది చదివినప్పుడు.

మరి నల్ల గొర్రె ఎలా పోయింది? మెరినో వల్ల కాదు, నిజం చెప్పాలి. ఉన్నికి ధర పోయింది, మాంసానికి ధర వచ్చింది. మందలో నెల్లూరు పొట్టేలును వదిలారు, జుడిపి అనే రకం, పొడుగ్గా తెల్లగా ఉండేది, ఒంటి మీద ఉన్ని ఉండదు. మొదటి ఈతకే పిల్లల ఉన్ని పలచబడుతుంది, ఆ పిల్లలనూ అదే రకం పొట్టేలుతో కట్టిస్తే ఇంకో తరానికి ఉన్ని దాదాపు పోతుంది. 2017లో రాయితీ గొర్రెలు వచ్చాయి, ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు, 75 శాతం సబ్సిడీ. 2019 లెక్కల్లో కోటీ 90 లక్షల గొర్రెలతో మన రాష్ట్రం దేశంలో మొదటిది. సంతోషమే, కడుపు నిండాలి కదా. కానీ నేను తిరిగిన మందల్లో వందకు పది నల్లవి కనిపిస్తే గొప్ప, ఉన్నవాటి ఉన్ని కత్తిరించడానికి కూలీ ఇచ్చి, ఆ ఉన్నిని గట్టు మీద పారేస్తున్నారు. గట్టు మీద! కొమురవెల్లి మల్లన్న దగ్గర, బీరప్ప పండుగలో భుజం మీద వేసుకునే గొంగడి కోసం మాత్రం షాపుకు పోయి పానిపట్ దుప్పటి కొంటున్నాం.

జనగామ తమ్ముడికి నేను చెప్పింది ఇదే. ఎకరం అమ్మకు. పది నల్ల గొర్రెలు, ఒక్క అసలు నల్ల పొట్టేలు తెచ్చుకో. నెల్లూరు పొట్టేలును ఆ మందలోకి రానివ్వకు. రెండేళ్లకోసారి పొట్టేలును ఇంకో ఊరి మందతో మార్చుకో, లేకపోతే తండ్రే బిడ్డలను కడతాడు, జాతి చెడుతుంది. పొట్టేళ్లలో పొట్ట కింద కూడా ఉన్ని దట్టంగా ఉన్నదాన్నే విత్తనానికి ఉంచుకో, మిగతావి అమ్ముకో. తమ్ముడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, “నల్ల పొట్టేలు ఎక్కడ దొరుకుతది అన్నా?” అన్నాడు.

నిజంగానే ఎక్కడ దొరుకుతుందో వెతకాలి. అందుకే అడుగుతున్నా, మీ ఊళ్లో, మీ మేనమామ మందలో, ఎవరి దగ్గరైనా వేరే జాతి కలవని నల్ల పొట్టేలు ఉంటే కామెంట్‌లో ఊరి పేరు, మండలం పేరు రాయండి, ఫోన్ నంబర్లు వద్దు. ఆదివారం పొద్దున్నే కెమెరా వేసుకుని బయల్దేరుతున్నా, మొదట వచ్చిన ఊరికే మొదట వస్తా.